ఫ్యూడలిజాన్ని రద్దు చేసినప్పుడు ఏం రద్దయింది?

1949 ఆగస్టు 15న హైదరాబాదు రాజ్యంలో జాగీర్లు, అంటే శిస్తు వసూలు అధికారంతో నిజాం ఇచ్చిన ఊళ్లు, రద్దయ్యాయి. కాగితం మీద అది 1358 ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) నాటి రెగ్యులేషన్. జాగీరుదారుల శిస్తు వసూళ్లు, వాళ్ల పోలీసు, వాళ్ల కోర్టులు అన్నీ ప్రభుత్వం చేతికి వచ్చాయి. తెలంగాణలో ఫ్యూడలిజం ఎప్పుడు పోయిందని అడిగితే చాలామంది చూపించే తేదీ ఇదే. అయితే అంతకుముందు మూడేళ్లపాటు నల్లగొండ, వరంగల్ జిల్లాల రైతులు ఎవరి గడీల మీదికి వెళ్లారో ఆ దేశ్‌ముఖులను ఈ రెగ్యులేషన్ తాకనైనా తాకలేదు. దేశ్‌ముఖు దేశ్‌ముఖుగా జాగీరుదారు కాడు. దివానీ ఇలాకాలో, అంటే ప్రభుత్వమే నేరుగా శిస్తు తీసుకునే ప్రాంతంలో, పట్టా ఉన్న ఆసామి. అదే ఊళ్లో నాలుగెకరాల చెలక ఉన్నవాడికీ ఆయనకూ రికార్డులో కనిపించే తేడా ఎకరాల గడిలోనే. విసునూరు దేశ్‌ముఖ్ విషయంలో ఆ అంకె 40 వేలని ఉద్యమ నాయకుల లెక్క.

మరి ఫ్యూడల్ ఎవరు? జాగీరు పోగొట్టుకున్నవాడా, పట్టా నిలబెట్టుకున్నవాడా?

చరిత్రకారులకు ఫ్యూడలిజం అనే భావన పనికొస్తుందా అన్న వాదన అర్ధ శతాబ్దంగా నడుస్తోంది. దాన్ని తేల్చడానికి సిద్ధాంత గ్రంథాలకంటే రద్దు చట్టాలు నయమని నా అభిప్రాయం. ఒక వ్యవస్థను పొగిడేవాడు, తిట్టేవాడు ఏమైనా అనొచ్చు. రద్దు చేసేవాడికి ఆ సౌకర్యం లేదు. ఏ హక్కు, ఎవరి చేతిలోది, దేనికి బదులుగా ఇచ్చింది, నష్టపరిహారం ఎంత, ఇవన్నీ క్లాజుల వారీగా రాయాలి. అలా రాయడం మొదలుపెట్టగానే ఆ పెద్ద మాట ముక్కలవుతుంది. ఆ ముక్కలే చరిత్రకారుడికి కావలసినవి.

ముందు మన మాట సంగతి. ఫ్యూడలిజాన్ని తెలుగులో భూస్వామ్యం అన్నాం. హిందీవాళ్లు సామంతవాదం అన్నారు, బెంగాలీలు సామంతతంత్రం అన్నారు. కన్నడిగులది ఊళిగమాన్య పద్ధతి. ఊళిగమంటే మన ఊడిగమే, మాన్యం సరే సరి. మలయాళంలో నాడువాళిత్తం, నాడును ఏలేవాడి పెత్తనం. భూమి మీది హక్కు గురించి చెప్పడానికి వాళ్లకు జన్మిత్తమని వేరే మాట ఉంది. ఇవి పర్యాయపదాలని అనుకుంటాం గానీ ఒక్కొక్కటీ ఒక్కో సిద్ధాంతం. హిందీ మాట రాజుకూ సామంతుడికీ మధ్య సంబంధాన్ని చూస్తుంది. కన్నడం కొలువుకు బదులుగా ఇచ్చిన మాన్యాన్ని చూస్తుంది. తెలుగు మాటకు రాజు కనపడడు, కొలువు కనపడదు. నేలకు యజమాని ఒక్కడే కనిపిస్తాడు. మనం వాదన మొదలుపెట్టకముందే మన అనువాదం తీర్పు చెప్పేసింది.

యూరప్‌లోనూ ఈ మాట పుట్టుక శుభ్రమైనదేం కాదు. మధ్యయుగంలో బతికిన ఏ ప్రభువూ తాను ఫ్యూడలిజంలో ఉన్నానని అనుకోలేదు. ఫీఫ్ (సేవకు బదులుగా ఇచ్చిన భూమి) అనే మాట ఉంది, వాసల్ (ప్రభువుకు సేవ చేస్తానని ఒప్పుకున్నవాడు) అనే మాట ఉంది, వాటి గురించి 12వ శతాబ్దంలో ఇటలీలోని లొంబార్డీ న్యాయవాదులు కూర్చిన సంకలనం ఉంది. వాటన్నిటినీ కలిపి ఒక వ్యవస్థగా చూడటం 16, 17 శతాబ్దాల న్యాయపండితుల పని. ఇంగ్లండులో ఫ్యూడల్ వ్యవస్థను ఎవరు ప్రవేశపెట్టారని పరీక్షలో అడిగితే 17వ శతాబ్దపు పండితుడు హెన్రీ స్పెల్మన్ పేరు రాయొచ్చని న్యాయచరిత్రకారుడు మెయిట్లండ్ చమత్కరించాడు. చమత్కారమే గానీ అబద్ధం కాదు.

తర్వాతి కాలంలో మూడు అర్థాలు స్థిరపడ్డాయి. బెల్జియం చరిత్రకారుడు గాన్‌షోఫ్ 1944లో చెప్పింది అన్నిటికంటే ఇరుకైనది: ఒక స్వేచ్ఛాపరుడు మోకరిల్లి, జోడించిన చేతులు ప్రభువు చేతుల్లో పెట్టి, నీ మనిషినని ఒప్పుకుంటాడు, బదులుగా ప్రభువు ఫీఫ్ ఇస్తాడు, అతను గుర్రమెక్కి యుద్ధసేవ చేస్తాడు. ఇంగ్లండు, ఫ్రాన్సుల్లో చాలాచోట్ల ఏడాదికి 40 రోజులు ఆ సేవకు వాడుక గడువు. తండ్రి చనిపోతే కొడుకు రిలీఫ్ అనే రుసుము కట్టి ఫీఫ్ దక్కించుకోవాలి. 1215 నాటి మాగ్నా కార్టా రెండో క్లాజు దాన్ని బారన్‌కు వంద పౌన్లు, నైట్ ఫీఫ్‌కు వంద షిల్లింగులుగా బిగించింది. ఈ చట్రంలో దున్నేవాడికి చోటే లేదు. ఇది పైవాళ్లకూ పైవాళ్లకూ మధ్య ఒప్పందం.

మార్క్స్ తోవ దీనికి సరిగ్గా ఎదురు. పైవాళ్ల ప్రమాణాలతో పనిలేదు. రైతు తన నేల తానే దున్నుకుంటున్నా, అతని మిగులును మార్కెట్ బలంతో కాక కర్ర బలంతో, హోదా బలంతో గుంజుకుంటే అది ఫ్యూడల్. ఫ్రెంచి చరిత్రకారుడు మార్క్ బ్లాక్ 1939-40లో ఈ రెండిటినీ కలిపి ఒక లక్షణాల జాబితా ఇచ్చాడు: లోబడిన రైతాంగం, జీతానికి బదులు ఫీఫ్, యుద్ధవర్గం ఆధిక్యం, రక్షణకు బదులు విధేయత, చీలికలైన అధికారం, వీటి మధ్య బతికి బట్టకట్టిన రాజ్యం, కుటుంబం. ఇద్దరు చరిత్రకారులు ఫ్యూడలిజం మీద గంటసేపు పోట్లాడుకుంటున్నారంటే, ఒకరు గాన్‌షోఫ్ నిర్వచనంతోనూ ఇంకొకరు మార్క్స్ నిర్వచనంతోనూ మాట్లాడుతున్నారని సగంసార్లు తేలిపోతుంది.

1974లో చరిత్రకారిణి ఎలిజబెత్ బ్రౌన్ ఈ మాటను వదిలేద్దామంది. ఆధారాల్లో లేని పొందికను ఇది ఆధారాల మీద రుద్దుతుందని ఆమె అభ్యంతరం. 1994లో సూసన్ రేనాల్డ్స్ ఇంకో అడుగు ముందుకేసి, గాన్‌షోఫ్ చెప్పిన ఫీఫ్-వాసల్ బంధం 9, 10 శతాబ్దాల యోధుల సమాజంలోనిది కాదని, 12వ శతాబ్దం తర్వాత వృత్తి న్యాయవాదులూ గుమాస్తాలూ తయారుచేసిందని వాదించింది. ఆమె పుస్తకం తర్వాత పాత పిరమిడ్ బొమ్మను, పైన రాజు, కింద బారన్లు, ఆ కింద నైట్లు, అట్టడుగున నేలకు కట్టుబడిన సెర్ఫులు ఉండేదాన్ని, గంభీరంగా గీసే మధ్యయుగ నిపుణులు కరువయ్యారు. మన పోటీ పరీక్షల గైడ్లలో మాత్రం ఆ పిరమిడ్ చెక్కుచెదరలేదు.

ఇప్పుడు రద్దుల సంగతి. ఇంగ్లండు 1660లో చట్టం చేసి రాజు నుంచి యుద్ధసేవ మీద భూమి పొందే పద్ధతిని తీసేసింది. దానితోపాటు మైనరు వారసుల ఆస్తిని రాజు అనుభవించే హక్కు, వాళ్ల పెళ్లి మీద వచ్చే ఆదాయం పోయాయి. రాజుకు జరిగిన నష్టాన్ని ఎలా పూడ్చారు? బీరు లాంటి పానీయాల మీద ఎక్సైజ్ వేసి. జమీందారీ భారం దిగి కల్లు తాగేవాడి నెత్తికెక్కిందన్నమాట. కింద కాపీహోల్డ్ మీద, అంటే ప్రభువు కోర్టు రికార్డులోని నకలే హక్కు పత్రంగా, దున్నుకునే రైతుకు ఈ చట్టం చేసిందేమీ లేదు. అతని పద్ధతి 1926 దాకా బతికింది. ఇంగ్లండు రద్దు చేసింది గాన్‌షోఫ్ ఫ్యూడలిజాన్ని.

ఫ్రాన్సుది ఇంకా రంజైన కథ. 1789 ఆగస్టు 4 రాత్రి సభలో ఉద్వేగం పొంగి, ఫ్యూడల్ పాలనను పూర్తిగా ధ్వంసం చేస్తున్నామని ప్రకటించారు. ఆ మూటలో వేట హక్కు, పావురాల గూళ్ల హక్కు, చర్చి దశమభాగం, అమ్ముడుపోయే ఉద్యోగాలు అన్నీ కలిపి కట్టేశారు. తెల్లారాక చట్టం రాసే పని ఒక కమిటీ మీద పడింది. మెర్లిన్ ద దువే నాయకత్వంలోని న్యాయవాదులు మూట విప్పి రెండు కుప్పలు పోశారు. మనిషి మీద పెత్తనంగా పుట్టిన హక్కులు ఒక కుప్ప, పైసా పరిహారం లేకుండా రద్దు. భూమి ఇచ్చినందుకు బదులుగా పుట్టిన చెల్లింపులు రెండో కుప్ప, వాటిని రైతు కొనుక్కోవాలి. 1790 మేలో ధర కట్టారు: డబ్బు రూపంలో కట్టేదానికి ఏటి మొత్తానికి 20 రెట్లు, ధాన్యరూపంలో కట్టేదానికి 25 రెట్లు. రైతులు కట్టలేదు. ఈ తేడా వాళ్లకు అర్థం కాక కాదు, అక్కర్లేక. చివరికి 1793 జులై 17న పరిహారం ఊసు లేకుండా అన్నీ కొట్టేసి పత్రాలు తగలబెట్టమన్నారు. ఏది ఫ్యూడల్, ఏది మామూలు కౌలు అన్న ప్రశ్నకు చరిత్రకారుల కంటే ముందు, వాళ్ల కంటే కష్టపడి జవాబు వెతికినవాళ్లు ఈ గుమాస్తా న్యాయవాదులు. స్కాట్లండు తన ఫ్యూడల్ భూమి పద్ధతిని 2004 నవంబర్ 28న రద్దు చేసింది. అప్పటికి ఎడింబరోలో మొబైల్ ఫోన్లున్నాయి, పార్లమెంటు ఉంది, పై హక్కుదారు అనుమతి లేకుండా ఇంటికి మార్పులు చేయకూడదన్న షరతులున్న దస్తావేజులూ ఉన్నాయి. దీన్నిబట్టి ఫ్యూడలిజమనేది ఒక యుగం పేరని ఎలా అంటాం?

మన దేశానికి ఈ మాటను గట్టిగా అంటించిన తొలి మనిషి కర్నల్ టాడ్, 1829-32 మధ్య రాజపుత్రుల మీద రాస్తూ. సిద్ధాంతంగా నిలబెట్టింది మాత్రం చరిత్రకారులు కోశాంబి, ఆర్.ఎస్. శర్మ. కోశాంబి 1956లో పై నుంచి ఫ్యూడలిజం (రాజుకూ లోబడిన పాలకులకూ మధ్య), కింది నుంచి ఫ్యూడలిజం (ఊళ్లోనే భూస్వాములు పుట్టుకురావడం) అని రెండు దశలు చెప్పాడు. శర్మ 1965లో దాన శాసనాల మీద కట్టడం కట్టాడు: రాజులు బ్రాహ్మణులకూ ఆలయాలకూ ఊళ్లు దానమిస్తూ పన్నులూ న్యాయాధికారమూ కూడా ఇచ్చేశారు, రాజ్యం పలచబడింది, నాణేలు తగ్గాయి, పట్టణాలు కూలాయి, రైతు ఊరికి కట్టుబడిపోయాడు. 1979లో వాల్తేరులో జరిగిన ఇండియన్ హిస్టరీ కాంగ్రెస్‌లో హర్బన్స్ ముఖియా అడ్డం తిరిగి, భారత చరిత్రలో ఫ్యూడలిజం ఉందా అని మధ్యయుగ విభాగం అధ్యక్షోపన్యాసమే చేశాడు. ఇక్కడి రైతు చేతిలో నాగలి, ఎడ్లు, సాగు నిర్ణయం ఉన్నాయి; పన్ను ఎంత పీడించినా సాగు అతనిదే; యూరప్ సెర్ఫుతో పోలిక కుదరదన్నాడు. శాసన పరిశోధకుడు డి.సి. సర్కార్ అంతకుముందే, 1969లో, మన దగ్గర ఉన్నది ఫ్యూడలిజం కాదు, ల్యాండ్‌లార్డిజం అని రాశాడు. దాన్ని తెలుగు చేస్తే ఏమవుతుందో చూడండి: భూస్వామ్యం. సర్కార్ ఏ మాటతో ఫ్యూడలిజాన్ని కాదన్నాడో సరిగ్గా ఆ మాటతోనే మనం ఫ్యూడలిజం ఉందని వాదిస్తున్నాం!

ఈ వాదనలో చిక్కంతా శాసనాన్ని చదివే దగ్గరే ఉంది. దాన శాసనంలో భాగాలు దాదాపు స్థిరం: రాజు ప్రశస్తి, ప్రతిగ్రహీత గోత్రం, ఊరి ఎల్లలు, పరిహారాలు (పన్నుల నుంచి, అధికారుల నుంచి మినహాయింపులు), అష్టభోగాలు (ఎనిమిది అనుభవ హక్కులు), దానాన్ని హరించినవాడికి శాపం, రాసినవాడి పేరు. పొరపాట్లు జరిగేది పరిహారాల దగ్గర, అష్టభోగాల దగ్గర. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అనే ఎనిమిదీ చదివి, ఊరంతా బ్రాహ్మణుడి ఆస్తి అయిపోయిందనుకుంటాం. నిజానికి ఎక్కువ సందర్భాల్లో చేతులు మారింది రాజుకు రావలసిన ఆదాయం. ఊళ్లో ఇదివరకే దున్నుకుంటున్నవాడి సాగు హక్కు గురించి శాసనం మాట్లాడదు, ఎందుకంటే అది రాజు ఇవ్వగలిగింది కాదు. మౌనాన్ని బదిలీగా చదివితే సెర్ఫు పుడతాడు.

నాసిక్ గుహలో గౌతమీపుత్ర శాతకర్ణి 18వ పాలనా సంవత్సరపు ఆజ్ఞ దీనికి మంచి ఉదాహరణ. 200 నివర్తనాల (పాతకాలపు భూమి కొలత) పొలాన్ని సన్యాసులకిస్తూ అయిదు పరిహారాలు చెప్పాడు: రాజోద్యోగులు అడుగుపెట్టరాదు, ముట్టరాదు, ఉప్పు కోసం తవ్వరాదు, జిల్లా అధికారులు జోక్యం చేసుకోరాదు, తక్కిన అన్ని మినహాయింపులూ వర్తిస్తాయి. ఇక్కడే ఫ్యూడలిజానికి విత్తు పడిందని చెప్పడం తేలిక. కానీ ఆరేళ్ల తర్వాత, 24వ సంవత్సరంలో, అదే గుహలో ఇంకో ఆజ్ఞ ఉంది: మేమిచ్చిన పొలం సాగు కావడం లేదు, ఊళ్లో జనం లేరు, కాబట్టి పట్టణం పక్కనున్న రాజక్షేత్రంలో 100 నివర్తనాలు ఇస్తున్నాం. భూమి దానమైంది గానీ దున్నేవాళ్లు దానం కాలేదు. వాళ్లు నేలకు కట్టేసి ఉంటే ఆ రెండో ఆజ్ఞ అవసరం వచ్చేది కాదు. ముఖియా వాదనకు ఇంతకంటే పాత సాక్ష్యం నాకు కనపడలేదు.

వెట్టి విషయంలోనూ ఇలాగే తొందరపడతాం. వెట్టి మాటకు మూలం సంస్కృతంలో విష్టి. శాసనంలో విష్టి కనిపిస్తే ఫ్యూడల్ అని ముద్ర వేసే అలవాటుంది. అయితే క్రీ.శ. 150లో రుద్రదాముడు జునాగఢ్ శాసనంలో, పన్నుతో గానీ విష్టితో గానీ జనాన్ని పీడించకుండా తెగిన సుదర్శన తటాకం కట్టను తిరిగి కట్టించానని గొప్పగా చెప్పుకున్నాడు. అంటే శర్మ చెప్పే యుగం కంటే ముందే, బలమైన రాజు చేతిలో, విష్టి మామూలు విషయం. నిర్బంధ శ్రమ ఉందంటే నిర్బంధ శ్రమ ఉన్నట్టే. దాని పక్కన ఇంకేమేం ఉన్నాయో విడిగా చూపించాల్సిందే.

ఆధారాలు ఎలా మిగిలాయన్న సంగతి కూడా చెప్పాలి. బ్రాహ్మణుడికిచ్చిన దానం రాగిరేకు మీదికెక్కింది, వంశం దాన్ని దాచుకుంది. సేనానికిచ్చిన ఊరికి రాగిరేకు ఎందుకు? అతని కత్తే అతని పత్రం. కాబట్టి మతదానాలు వేలల్లో, సైనిక మాన్యాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని దొరికాయంటే అది సమాజపు నిష్పత్తి కాకపోవచ్చు, రాగి మన్నిక లెక్క కావచ్చు. 848 నాటి అద్దంకి పద్యశాసనంలో పండరంగడు బోయకొట్టాలు పన్నెండు కొట్టింది "సామంత పదువతో". పదువ అంటే గుంపు. ఆ సామంతులు ఏ షరతు మీద వచ్చారో, ఏం పుచ్చుకున్నారో ఆ తరువోజ పద్యం చెప్పదు. సామంత అనే మాట కూడా మొదట్లో పొరుగు రాజనే అర్థంలోనే ఉండేది. అశోకుడి శాసనంలోనూ అంతే. లొంగినవాడనే అర్థం తర్వాత వచ్చింది. ఒక మాట వేయి సంవత్సరాల్లో అర్థం మార్చుకుంటే ఆ మాటతో వ్యవస్థను కొలవడం కుదరదు.

తెలుగు నేల దగ్గరికొస్తే శర్మ నమూనాకు ఇంకో దెబ్బ ఉంది. ఆయన లెక్కలో వర్తకం ఎండినప్పుడు ఫ్యూడలిజం పెరగాలి, వర్తకం తిరిగి పుంజుకుంటే తగ్గాలి. కాకతీయుల కాలంలో తలకిందులుగా జరిగింది. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవు దగ్గర అభయశాసనం వేయించాడు: తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాత రాజుల్లా లాక్కోము, ముప్పైకి ఒక వంతు సుంకం చాలు. సముద్ర వర్తకం కోసం ఇంత ఆరాటపడే రాజ్యంలోనే, ఆ తర్వాతి రుద్రమదేవి, ప్రతాపరుద్రుల కాలంలో, నాయంకరం అనే మాట శాసనాల్లోకి వచ్చింది. నాయకుడికి ఊళ్ల ఆదాయం, బదులుగా సైన్యం. చూడటానికి ఫీఫ్‌కు అన్నిటికంటే దగ్గరిది. అది వర్తకం ఎండి పుట్టలేదు. చెరువులూ రేవులూ నిండుగా ఉన్నప్పుడు పుట్టింది. విజయనగరంలో అది పెద్దదైంది. పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాసినదాని ప్రకారం నాయకుల మొత్తం ఆదాయం 120 లక్షల పర్దావులు (బంగారు నాణేలు), అందులో 60 లక్షలు రాయలకు కట్టాలి. సగం రొక్కం పైకి కట్టి, మిగతా సగంతో సైన్యాన్ని పోషించేవాణ్ణి వాసల్ అనాలా, శిస్తు వసూలును గుత్తకు తీసుకున్న ఇజారాదారు అనాలా? నా ఓటు రెండోదానికే కాస్త ఎక్కువ. నాయకులను చోటు మార్చడం కూడా ఉంది. ఆనువంశిక ఫీఫ్‌కు ఆ అలవాటు సరిపడదు.

ఉత్తర సర్కార్ల జమీందారీల గురించి తొందరగా చెప్పేస్తాను. 1802 పర్మనెంట్ సెటిల్‌మెంట్‌తో కంపెనీ వాళ్లకు శాశ్వత సనదు ఇచ్చింది, పోలీసు అధికారం తీసుకుంది, సైన్యాన్ని రద్దు చేయించింది. మిగిలింది రైతు కట్టే శిస్తుకు, తాము కంపెనీకి కట్టే పేష్కస్‌కు మధ్య తేడా. 1908 ఎస్టేట్స్ ల్యాండ్ యాక్టు రైతుకు సాగులో కొనసాగే హక్కు (ఆక్యుపెన్సీ) ఇచ్చాక జమీందారు చేతిలో ఇంకా తగ్గింది. 1948లో ఎస్టేట్లు రద్దయ్యేనాటికి దర్బారు, ఏనుగు, బిరుదులు నిండుగా ఉన్నాయి. ఫ్యూడల్ అనదగ్గ అధికారం చాలామటుకు అంతకు వందేళ్ల ముందే పోయింది.

తెలంగాణలో జరిగింది దీనికి పూర్తిగా వేరు. నిజాం రాజ్యపు భూమిలో దాదాపు 60 శాతం దివానీ, 10 శాతం నిజాం సొంత సర్ఫెఖాస్, 30 శాతం జాగీర్లు. జాగీర్లలో పైగాలది సైన్యాన్ని పోషించే బాధ్యత. పెద్ద జాగీరుదారులకు సొంత కోర్టు, సొంత పోలీసు ఉండేవి. జాగీరుదారు చనిపోతే వారసత్వం నిజాం మంజూరు మీద ఆధారపడేది. గాన్‌షోఫ్ చూస్తే ఇది నాకు తెలిసిన బొమ్మే అనేవాడు. అయితే ఈ జాగీరుదారుల్లో పెద్దవాళ్లు హైదరాబాదు దేవిడీల్లో ఉండేవాళ్లు. ఊళ్లో రైతు వెన్ను మీద వాత పెట్టింది ఎక్కువగా దివానీలోని దేశ్‌ముఖ్.

ఈ దేశ్‌ముఖ్ ఎలా తయారయ్యాడో చూస్తే మాట ఎంత పక్కదారి పట్టిస్తుందో తెలుస్తుంది. పాతకాలంలో అతను పరగణాలో శిస్తు వసూలు చేసే వంశపారంపర్య ఉద్యోగి. వసూలులో రుసుం, కొంత ఇనాం. సాలార్‌జంగ్ 1853లో దివాను అయ్యాక, ముఖ్యంగా 1865 జిలాబందీతో (రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టడంతో), జీతగాళ్లయిన తాలూక్‌దార్లను, తహసీల్‌దార్లను పెట్టి వసూలు పనిని వీళ్ల దగ్గర నుంచి తీసేశాడు. నష్టానికి బదులు నగదు రుసుం ఇచ్చాడు. ఇది ఆధునికీకరణ, ఏ పాఠ్యపుస్తకమైనా మెచ్చుకుంటుంది. ఆ వెంట సర్వే వచ్చింది, రైత్వారీ సెటిల్‌మెంట్ వచ్చింది, ప్రతి సర్వే నంబరుకూ ఒక పట్టాదారు పేరు కావాల్సి వచ్చింది. రికార్డు ఎలా పుడుతుందో తెలిసినవాళ్లు ఊళ్లో ఎవరు? దేశ్‌ముఖ్, దేశ్‌పాండే, పటేలు, పట్వారీ. తరాలుగా దున్నుతున్నవాళ్లు ఒక రోజు లేచి చూసేసరికి కౌలుదార్లయ్యారు. చాలామందికి ఆ సంగతి కూడా తెలియలేదు. 1889లో రైలు బెజవాడ దాకా చేరింది. ఆముదాలు, వేరుశనగ దూరపు మార్కెట్లకు వెళ్లడం పెరిగింది. పంటకు డబ్బు విలువ పెరిగేకొద్దీ పట్టాకు విలువ పెరిగింది.

దొర బలం ఒకే తాడు కాదు, పేనిన తాడు. పట్టా ఒక పోగు. మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ అనే వంశపారంపర్య ఊరి ఉద్యోగాలు సొంత మనుషుల చేతిలో ఉండటం ఇంకో పోగు. శిస్తు రసీదు, ఫిర్యాదు, పహాణీ (ఏటేటా రాసే ఊరి భూమి రికార్డు) నకలు మూడూ ఆ ఇంటి గడపే దాటాలి. నాగు అప్పు మూడోది, గింజలు తీసుకుంటే పంట నాడు సగం కలిపి కొలవాలి. అప్పు తీరేదాకా భాగేలాగా పనిచేయడం నాలుగోది. కులం వారీగా వెట్టి అయిదోది: మాదిగలు చెప్పులు, మోట తొండాలు, కబురు మోయడం, కుమ్మర్లు కుండలు, గొల్లలు గొర్రెలు, గౌడులు కల్లు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో లెవీ ధాన్యం తోడైంది; ఎవరి దగ్గర ఎంత గుంజాలో రాసేది మళ్లీ ఆ పటేలు, పట్వారీలే. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మీద పేలిన తుపాకీ వెనక ఈ పోగులన్నీ ఉన్నాయి. వీటిలో మధ్యయుగం నుంచి చెక్కుచెదరకుండా వచ్చింది ఏదీ లేదు. వెట్టి పాతదే, పట్టాతో, అప్పుతో, రైలు మార్కెట్టుతో కలిసి పేనుకోవడం కొత్తది, 1865 తర్వాతిది. "అవశేషం" అన్నామంటే ఈ సంగతి మొత్తం కనపడకుండా పోతుంది. పాత వ్యవస్థ చావక మిగిలిందనుకుంటాం గానీ, ఆధునిక రికార్డే దాన్ని కొత్తగా కన్నదని గుర్తించం.

రద్దుల వరస చూస్తే పోగులు ఒక్కొక్కటీ విడిగా తెగాయి. 1949లో జాగీరు. 1950 కౌలుదారీ చట్టంతో రక్షిత కౌలుదారు అనే హోదా. 1973 భూపరిమితి చట్టంతో, తరగతిని బట్టి తరికి (నీటి సాగు భూమికి) 10 నుంచి 27 ఎకరాలు, ఖుష్కికి (మెట్టకు) 35 నుంచి 54 ఎకరాల హద్దు. కాగితం మీద ఎంత, నేల మీద ఎంత అన్నది వేరే వ్యాసం. 1976లో వెట్టిచాకిరీ నిషేధ చట్టం. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ, కరణం, మునసబు ఉద్యోగాలను తీసేసింది. ఒకే వ్యవస్థ అయితే ఒకే రద్దు సరిపోయేది. 35 ఏళ్లలో అయిదు చట్టాలు కావాల్సి వచ్చాయంటే అయిదు వేరువేరు సంగతులున్నాయన్నమాట.

దీనికి రెండు గట్టి అభ్యంతరాలున్నాయి. మొదటిది, ఈ మాట తీసేస్తే పోలిక పోతుంది. జపాన్ సమురాయినీ ఫ్రెంచి నైట్‌నూ పక్కపక్కన పెట్టి చూసే ధైర్యం బ్లాక్‌కు ఇచ్చింది ఈ మాటే. ఒప్పుకుంటాను. నేను వద్దంటున్నది మొత్తాన్ని మొత్తంతో పోల్చడం. విడివిడిగా అడగండి: ఇచ్చింది నేలా, ఆదాయమా, ఉద్యోగమా? బదులుగా కత్తా, రొక్కమా, ప్రార్థనా? తిరిగి లాక్కోగలరా? తగవు తీర్చేది ఎవరు? దున్నేవాడు ఊరు విడిచి వెళ్తే వెనక్కి తేగలరా? ఈ అయిదింటికీ జవాబులు రాసుకున్నాక పోలిక దానంతటదే వస్తుంది. నాయంకరానికి, పైగాకు మొదటి రెండు జవాబులూ కలుస్తాయి. దేశ్‌ముఖ్‌కు వాటిలో ఏదీ కలవదు, అయిదోది మాత్రం అప్పు రూపంలో గట్టిగా కలుస్తుంది.

రెండో అభ్యంతరం రాజకీయం నుంచి. 1940లలో ఈ మాట లేకపోతే వేల ఊళ్ల విడివిడి బాధలకు ఒకే పేరు దొరికేది కాదు. "నీ బాంచన్ కాల్మొక్త" అన్న మనిషి నోట ఫ్యూడల్ వ్యతిరేక పోరాటం అనే మాట రావడం చిన్న సంగతేం కాదు. నిజమే, 1789లో ఫ్రెంచి రైతుకూ అంతే జరిగింది. ఉద్యమానికి మూట కట్టే మాట కావాలి. చరిత్రకారుడి పని ఆ మూట విప్పడం. ఈ రెండు పనులనూ కలిపేసినప్పుడే తగువు. 1970లలో దేశమంతటా నడిచిన ఉత్పత్తి విధానాల చర్చ ఎందుకంత వేడెక్కింది? భారతం అర్ధ భూస్వామ్యమా, పెట్టుబడిదారీయా అన్న ప్రశ్న మీద విప్లవం ఏ దశలో ఉందన్న జవాబు వేలాడుతూ ఉండటం వల్ల. అలాంటి చోట పొలం లెక్కలు సిద్ధాంతానికి సాక్ష్యం చెప్పడానికే పిలుపందుకుంటాయి. అమిత్ భాదురీ 1973లో బెంగాల్ పల్లెల్లో వాటా కౌలు, వినియోగ అప్పు, ఒకే మనిషి భూస్వామీ వడ్డీవ్యాపారీ కావడం అని భాగాలు విడగొట్టి చూపించాడు కాబట్టే ఆయన వ్యాసంతో ఇప్పటికీ వాదించగలం. ఏ భాగం తప్పో చూపించొచ్చు.

అందుకని నేనైతే ఫ్యూడల్ అనే విశేషణాన్ని ఒక సంబంధానికి వాడతాను, యుగానికి వాడను. "పైగా జాగీరు ఫ్యూడల్ పద్ధతిలో ఇచ్చింది" అంటాను. "ఆసఫ్‌జాహీ తెలంగాణ ఫ్యూడల్ సమాజం" అనను. భూస్వామ్యం అనే మాటను పట్టాకు, కౌలుకు సంబంధించిన చోట మాత్రమే రాస్తాను; వెట్టిని వెట్టి అనే అంటాను.

మన రెవెన్యూ గుమాస్తాలకు ఈ తేడా బాగా తెలుసు. పహాణీలో పట్టాదారుకు ఒక గడి, అనుభవదారుకు వేరే గడి ఉండేవి. నేల ఎవరి పేరున ఉందన్నది ఒక ప్రశ్న, అందులో ఎవరు ఉన్నారన్నది ఇంకో ప్రశ్న అని ఆ కాగితం ఏటేటా ఒప్పుకునేది. 1954-55 ఖాస్రా పహాణీ ఇప్పటికీ కోర్టుల్లో పనికొస్తున్నదంటే ఆ రెండో గడి బలం కూడా ఒక కారణం. 2020లో ధరణి అనే ఆన్‌లైన్ భూరికార్డుల పోర్టల్ వచ్చినప్పుడు తెలంగాణ రికార్డులో అనుభవదారు గడి తీసేశారు. పట్టాదారు గడి ఒక్కటే మిగిలింది.